కొసరుగా పోయిన పాట

పాట చేసి నెట్లో పెడితే చాలు, మిగతా పని లోకమే చూసుకుంటుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఎవరు వింటారు, ఎవరు కొంటారు, కొంటే అసలు ఏమిటి కొన్నట్టు అనే సందేహాలు నాకు రాలేదు. ఆ వయసులో సందేహాలు పక్కవాళ్ళకి వస్తాయి, మనకి ఐడియాలు వస్తాయి. నా ఐడియా ఏమిటంటే, తాడేపల్లిగూడెంలో మా బాబాయి ఉల్లిపాయల కొట్టు మీద ఖాళీగా పడి ఉన్న గదిని రికార్డింగ్ స్టూడియో చెయ్యడం. గోడలకి గోనెసంచులు కొట్టాను. ఒక మైకు, ఒక లాప్‌టాప్, తిరగని ఒక ఫ్యాను సమకూర్చుకున్నాను (తిరిగితే ఆ చప్పుడు పాటలో పడుతుందని నేనే ఆపేశాను, పాడేవాళ్ళు చెమటలు కక్కడం కళలో భాగమని చెప్పేవాణ్ణి). కింద లారీ లోడు దిగిన రోజున పైన ఎవరు పాడినా కళ్ళనీళ్ళు పెట్టుకునే పాడేవారు. పెళ్ళిపాట పాడడానికి వచ్చిన ఒకాయన పల్లవి పూర్తయ్యేలోపే ముక్కు చీదుకుని, "ఎందుకోనండి, మనసంతా బరువెక్కిపోతోంది" అన్నాడు. అదంతా నా ట్యూను మహిమేనని నేను లోలోపల పొంగిపోయాను. బజారులో అందరూ నన్ను సౌండు అని పిలిచేవారు. అది ఎగతాళికి పెట్టిన పేరని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. ఈలోగా విజిటింగ్ కార్డు మీద కూడా అదే పేరు వేయించుకున్నాను.

అప్పటికి నా లాప్‌టాప్‌లో చెప్పుకోదగ్గ పాటలు రెండున్నాయి. మొదటిది పూర్తిగా నాది. రాసింది, కట్టింది, పాడింది అన్నీ నేనే. పేరు "గేరు మార్చు". దొరికిన డ్రమ్ములన్నీ అందులో వేశాను, బాబాయి పాత మోటారు సైకిలు చప్పుడు కూడా కలిపాను, మధ్యలో రెండుమూడు చోట్ల నా పేరు నేనే పిలుచుకున్నాను. అది విడుదలైన రోజున ఏలూరు కాలవ వంతెన మీద నిలబడి, దారినపోయే వాళ్ళలో ఎవరైనా గుర్తుపడతారేమోనని చూశాను. మా గుమస్తా ఒక్కడే గుర్తుపట్టాడు, బాబాయిగారు రమ్మంటున్నారని చెప్పాడు. రెండో పాట నాది కాదు, నేను రికార్డు చేశానంతే. అది రేడియోది.

రేడియో అంటే ఏలూరులో నాతో పాటు డిగ్రీ చదివిన అమ్మాయి. క్లాసులో లెక్చరరు ఉన్నా లేకపోయినా నోట్లో ఏదో ఒకటి పాడుకుంటూనే ఉండేది కాబట్టి ఆ పేరు. మూడేళ్ళు ఒకే క్లాసులో కూర్చున్నా మేం ఒకరినొకరు మీరు అనే పిలుచుకున్నాం (మా వైపు అంతే, పోట్లాడుకునేటప్పుడు కూడా అండీ తగిలించే పోట్లాడుకుంటాం). వాళ్ళది పెదపాడు దాటాక కొల్లేటి వైపు ఊరు. చేపల చెరువులున్నాయి. చదువు అయ్యాక తండ్రికి సాయంగా ఆ పనిలోనే ఉండిపోయింది. పొద్దున్నే పడవ వేసుకుని వెళ్ళి, తవుడూ వేరుశెనగ చెక్కా నింపిన మేత సంచులు నీళ్ళలో పాతిన కర్రలకి కట్టి రావాలి. అలా కడుతూ కడుతూ తనే ఒక పాట అల్లుకుంది.

తెల్లారె తెల్లారె, మేతేళ కాలేదా
అడుగున ఉన్నోళ్ళారా, ఆకలే పుట్టలేదా

ఆ రెండు ముక్కలు ఫోనులో విని నేను వెంటనే స్టూడియోకి రమ్మన్నాను. ఖర్మ కొద్దీ ఆవేళ కింద లారీ మీద లారీ దిగింది. రేడియో చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ మైకు ముందు నుంచి లేచిపోయింది. "ఏవండీ, నేనిలా ఏడుస్తూ పిలిస్తే చేపలు మేతకి రావండి, పరామర్శకి వస్తాయి" అంది. దాంతో మైకు నేనే పట్టుకెళ్ళి వాళ్ళ చెరువులో పడవ మీదే రికార్డు చేశాను. అందుకే ఆ పాటలో పడవ తోసే గెడ నీళ్ళలో దిగే చప్పుడుంటుంది, కొంగల అరుపులుంటాయి, రెండో చరణం దగ్గర గట్టు మీద నిలబడ్డ వాళ్ళ నాన్నగారి దగ్గు కూడా ఉంటుంది. దగ్గు తీసేస్తానంటే రేడియో ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి, మా నాన్న లేకుండా మా చెరువేంటండీ" అంది. మైకు సర్దుకుంటుంటే ఇంకో మాట కూడా అంది. "మా ఇంట్లో నా పేరు మీద ఉన్నవి రెండేనండి. రేషన్ కార్డులో ఒక లైను, ఇదిగో ఈ పాట." నవ్వుతూనే అంది కాని ఆ మాట నాలో ఎక్కడో దిగబడిపోయింది. చలికాలం కొల్లేటికి పిట్టలు దిగే రోజుల్లో ఊళ్ళో అందరి ముందూ ఆ పాట పాడి, తరవాత తన పేరుతో విడుదల చెయ్యాలని ఆమె కోరిక. చెరువులు తండ్రివి, పడవ పెదనాన్నది, బండి అన్నయ్యది. పాట ఒక్కటే తనది.

ఇలా ఉండగా హైదరాబాదు నుంచి ఒక యాడ్ ఏజెన్సీ మేడం ఫోను చేసింది. ఏదో వంటనూనె ప్రకటన తీస్తున్నారట, పాత నూనె మానేసి కొత్త నూనెకి మారండి అని చెప్పడానికి నా "గేరు మార్చు" ముక్క ఒకటి కావాలట. లైసెన్సు ఇస్తారా అని అడిగింది. టర్మ్ ఎంత, టెరిటరీ ఎక్కడెక్కడ, ఎక్స్‌క్లూజివ్‌గా ఇస్తారా అని గబగబా అడిగేసింది. నేను అన్నిటికీ "తప్పకుండానండి" అన్నాను. (లైసెన్సు ఇవ్వడం అంటే పాటను తెగనమ్మడం కాదు, ఫలానా చోట ఫలానా కాలం వాడుకోమని ఒప్పుకోవడం అని ఇప్పుడు నేను నలుగురికి చెబుతుంటాను. అప్పుడు నాకు తెలిసిన లైసెన్సు బండి నడపడానికి ఇచ్చేది ఒక్కటే.) గల్లాపెట్టె ముందు కూర్చుని ఇదంతా వింటున్న బాబాయి చెయ్యి చాపాడు. "బేరం నీ వల్ల కాదురా, ఫోనిలా తే" అన్నాడు. నేను నిశ్చింతగా ఇచ్చేశాను. ఉల్లిపాయల బజారులో మా బాబాయి బేరం అంటే నలుగురూ నిలబడి వినేవారు.

ఇక్కడ మా బజారు పద్ధతి ఒకటి చెప్పాలి. కాటా అయిపోయాక, బేరం ముగిశాక, గిరాకీ సంచిలో చివరికి ఒక దోసెడు ఉల్లిపాయలు ఊరికే వెయ్యాలి. అదే కొసరు. మా తాతల నాటి నుంచీ కొసరు వెయ్యకుండా మా కొట్టు నుంచి ఎవరినీ పంపలేదు. కొసరు అందుకున్న మనిషి మళ్ళీ వస్తాడని మా వాళ్ళ నమ్మకం. బాబాయి ఆ మేడంతో రేటు మాట్లాడాడు, చివరికి ఇద్దరూ ఒక మాటకి వచ్చారు. అంతా అయిపోయింది, ఇక ఫోను పెట్టెయ్యడమే. సరిగ్గా అప్పుడు ఆయన చెయ్యి అలవాటుగా పక్కనున్న ఉల్లిపాయల కుప్ప వైపు వెళ్ళింది. హైదరాబాదులో ఉన్న మనిషికి ఉల్లిపాయలెలా వేస్తాడు? చూపు నా లాప్‌టాప్ మీద పడింది.

"మేడంగారూ, మా కొట్టుకి మొదటిసారి వచ్చారు. మిమ్మల్ని ఉత్తి చేతుల్తో పంపడం బాగుండదండి. మావాడి దగ్గర ఇంకో పాటుంది, అది కొసరు వేస్తున్నాను, ఉంచుకోండి" అన్నాడు.

కొసరు అంటే అన్ని హక్కులూ ఇచ్చేసినట్టేనా అని ఆవిడ అడిగి ఉంటుంది. బాబాయి నొచ్చుకున్నాడు. "అన్నీనమ్మా. సగం కొసరు ఎవరైనా వేస్తారా" అని ఫోను పెట్టేశాడు.

అంతసేపూ నేను హైదరాబాదులో నా పెద్ద స్టూడియోకి ఏ రంగు వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. విషయం తలకెక్కేసరికి ఆ రంగులన్నీ వెలిసిపోయాయి. "బాబాయ్, ఆ పాట నాది కాదు" అన్నాను. "నీ కంప్యూటర్లో ఉంటే నీది కాదేంట్రా. నా గొడౌన్లో ఉన్న సరుకు నాది కాదా" అన్నాడు. రేడియో సంగతి మొత్తం చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. చెడ్డవాడు కాదు, కాని వ్యాపారస్తుడు. "అసలుకంటే కొసరు చిన్నదుండాలి గదా అని, డ్రమ్ములు కూడా లేవు గదా అని ఇచ్చాన్రా. ఆ అమ్మాయికి ఇంకోటి చేసిపెట్టు, ఇంతకంటే పెద్దది. వేసిన కొసరు వెనక్కి అడిగితే రేపు ఈ బజార్లో నేనెలా కూర్చోను?" అని తల పట్టుకున్నాడు. వచ్చే వారం ఆ మేడం షూటింగుకి కొల్లేరే వస్తోంది. సంతకాలు అక్కడే.

మర్నాడు రైలెక్కి ఏలూరు వెళ్ళి, అక్కడి నుంచి బస్సులో రేడియో వాళ్ళ ఊరు చేరాను. ఆమె పడవలో ఉంది. గట్టు మీద నిలబడే జరిగినదంతా చెప్పాను. పూర్తి హక్కులు వాళ్ళకి పోతే వాళ్ళని అడక్కుండా ఆ పాట ఆమె కూడా పాడకూడదట అని, అప్పటికి నేను తెలుసుకున్న విషయం కూడా చెప్పాను. చేతిలో ఉన్న సంచీ మూతి బిగించి కట్టింది. తరవాత "పర్వాలేదులెండి" అంది. మా గోదావరి వాళ్ళు పర్వాలేదులెండి అన్నారంటే ఎంత పర్వా ఉందో పరాయివాళ్ళకి తెలియదు. పడవ మళ్ళీ లోపలికి తిప్పుకుని ఒక్కొక్క సంచీ కట్టుకుంటూ పోయింది. ఆ పూట ఆమె పాడకుండా మేత కట్టింది. నాకు నిజంగా భయమేసింది, సిగ్గు కూడా వేసింది. అయితే భయమూ సిగ్గూ నా దగ్గర ఎక్కువసేపు నిలిచేవి కావు. తిరుగు బస్సు ఏలూరు చేరేలోపే నాకు మళ్ళీ ఒక ఐడియా వచ్చేసింది.

ఐడియా ఇది. ఇచ్చిన సరుకు మనం వెనక్కి అడగకూడదు, సరే. కాని అందులో లోపాలుంటే చెప్పడం వ్యాపారధర్మం. చెప్పాక గిరాకీ తనే వద్దంటే మాట పోయినట్టు కాదు. వినగానే బాబాయి కళ్ళు మెరిశాయి. "పుచ్చుంటే చెప్పే ఇస్తాం గదరా మనం" అన్నాడు. ఆ రాత్రంతా ఇద్దరం కూర్చుని రేడియో పాటలో లోపాలన్నీ పోగు చేశాం. నేను రేడియోకి ఫోను చేసి, "షూటింగు దగ్గరికి మీరు కూడా రండి. మీ పాట మీ చేతిలో పెడతాను" అని మాటిచ్చాను. నా గొంతు నాకే ఎంతో నచ్చింది.

షూటింగు కొల్లేటి ఒడ్డున ఒక గట్టు మీద. పట్టుచీర కట్టుకున్న నటి ఒకామె నీళ్ళ పక్కన స్టవ్వు పెట్టుకుని గారెలు వేస్తోంది. గాలికి స్టవ్వు ఆరిపోతోంది, వెలిగిస్తున్నారు, మళ్ళీ ఆరిపోతోంది. దూరాన గూడకొంగలు నీళ్ళ మీద గుంపుగా కూర్చుని ఈ తంతు చూస్తున్నాయి. ఏజెన్సీ మేడం బూట్లకి బురదతో, చేతిలో గొడుగుతో ఎదురొచ్చింది. మా బాబాయి ఇస్త్రీ పంచె కట్టుకుని, చేతిలో ఉల్లిపాయల సంచీతో వచ్చాడు. కూర్చోగానే మొదలుపెట్టాడు.

"అమ్మా, మేం నిజం చెప్పే వ్యాపారం చేస్తాం. ఆ కొసరు పాట బాగుండదండి. అందులో డ్రమ్ములు లేవు. మధ్యలో కొంగలరుస్తాయి. నీళ్ళ చప్పుడొకటి. ఒకచోట ఒక పెద్దాయన దగ్గుతారు కూడాను."

ఆవిడ ఆసక్తిగా చూసింది. అప్పటిదాకా ఆ పాట వినలేదట. అక్కడున్న స్పీకర్లో పెట్టమంది. పెట్టాను. తెల్లారె తెల్లారె అని రేడియో గొంతు గట్టు పొడుగునా సాగింది. స్టవ్వు వెలిగిస్తున్న కుర్రాడు అగ్గిపుల్ల పట్టుకుని అలాగే ఉండిపోయాడు. లైటు మోస్తున్నాయన లైటు కింద పెట్టాడు. రెండో చరణంలో దగ్గు వచ్చేసరికి కెమెరా దగ్గరున్న పెద్దమనిషి నవ్వుకున్నాడు. మా ఐడియా మునిగిపోతోందని నాకు అర్థమైంది.

"ఆ దగ్గు ఒరిజినలేనా అండీ" అని మేడం అడిగింది.

"ఒరిజినలేనండి" అన్నాడు బాబాయి, దోషం ఒప్పుకుంటున్నట్టు.

"అయితే మాకు ఇదే కావాలి. మెయిన్ ట్రాక్ ఇదే పెట్టుకుంటాం."

బాబాయి నా వైపు చూశాడు. నేను గూడకొంగల వైపు చూశాను. నా మొహం చూపించుకోదగ్గ ప్రాణులు అక్కడ అవేననిపించింది.

అప్పటికే రేడియో, వాళ్ళ నాన్నగారూ వచ్చి వెనక నిలబడ్డారట, నేను గమనించలేదు. రేడియో ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు. "మేడంగారూ, ఆ పాట నాదండి. రాసిందీ పాడిందీ నేను. సౌండుగారు రికార్డు చేశారంతే" అంది. మేడం తెల్లబోయి బాబాయి వంక చూసింది. పాపం ఆయన పంచె సర్దుకోవడంలో పడ్డాడు. రేడియో ఆయన వైపు తిరిగింది.

"మీ మాటేం పోలేదండి బాబాయిగారూ. కొసరు వేస్తానన్నారు, వేశారు. వాళ్ళే కొసరు కాదు, అసలు కింద తీసుకుంటామంటున్నారు. ఇంక బేరం కొత్తగా మొదలే గదండీ" అంది. బాబాయి వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. "లెక్క సరిగ్గానే ఉంది" అన్నాడు.

"ఉల్లిపాయలంటే అమ్ముతారండి, కాటా ఎక్కాక పోయినట్టే. మాది చెరువండి. అమ్మడం మా ఇంటావంటా లేదు, లీజుకి ఇస్తాం" అని రేడియో మేడం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒక ఏడాది తీసుకోండి. ఈ నూనె ప్రకటన ఒక్కటే వెయ్యాలి, అందులో ఇంకో రకం చేపపిల్ల వదలకూడదు. చెరువు మీ చేతిలో ఉన్నా గట్టు మీద మేం నడుస్తామండి. నా పాట నేను ఎక్కడైనా పాడుకుంటాను. గడువయ్యాక ఎలా తీసుకున్నారో అలా అప్పజెప్పాలి. ఇక్కడ కొంచెం పూడుస్తాం, అక్కడ కొత్త గట్టు వేస్తాం అంటే కుదరదు."

మేడం పెన్ను తీసి ఒక్కొక్కటీ తన భాషలో రాసుకుంటూ పోయింది. "వన్ ఇయర్ టర్మ్. సింగిల్ యూజ్. నాన్ ఎక్స్‌క్లూజివ్. నో ఆల్టరేషన్స్." రాసుకుంటుంటే ఆవిడ మొహంలో నవ్వొచ్చింది. నాకైతే నోరు తెరుచుకునే ఉంది. నేను వారం రోజులుగా నెట్లో వెతికి అర్థం కాక వదిలేసిన మాటలన్నీ రేడియో వాళ్ళింట్లో ఏటేటా మాట్లాడుకునే మాటలే. "దగ్గు కూడా ఉంచాలాండీ" అని మేడం అడిగింది. "ఉంచాలండి" అంది రేడియో.

అప్పుడు వాళ్ళ నాన్నగారు మొదటిసారి నోరు విప్పారు. అంతదాకా ఆయన పెద్దగా మాట్లాడగా నేను వినలేదు. ఆయన గొంతు నాకు తెలిసింది ఆ దగ్గు ద్వారానే. "చెరువన్నాక పట్టా ఎవరి పేరునో రాసుకోవాలి గదమ్మా. అమ్మాయి పేరు రాయండి. ఇంటిపేరుతో సహా రాయండి" అన్నారు. రేడియో చటుక్కున తల తిప్పి తండ్రి వంక చూసింది. అంత ధీమాగా మాట్లాడిన మనిషే చున్నీ అందుకుంది. కళ్ళు తుడుచుకుంది. అక్కడ ఉల్లిపాయలు బాబాయి సంచిలో భద్రంగా మూతి కట్టే ఉన్నాయి.

సంతకాలయ్యాయి. అంతా లేవబోతుంటే బాబాయి చెయ్యి మళ్ళీ అలవాటుగా కదిలింది. "మరి కొసరుకి ఏం వేద్దాం" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. "గేరు మార్చు" ఉంది కదా అని నేను గొంతు సవరించుకుని, ధీమాగానే, ఒక చిరునవ్వు కూడా జోడించి చెప్పాను. మేడం రెండు గంటలసేపు మా వాళ్ళ మధ్య కూర్చుంది కదా, మా మర్యాద బాగా వంటబట్టినట్టుంది. "పర్వాలేదులెండి" అంది. బాబాయి ఆవిడకి ఉల్లిపాయల సంచీ ఇచ్చి పంపాడు. అది మాత్రం సంతోషంగా పట్టుకెళ్ళింది.

ప్రకటన వచ్చింది, కొన్నాళ్ళు ఆడింది. గారెలు నూనెలో తేలుతుంటే అడుగున ఉన్నోళ్ళారా అని రేడియో పిలుస్తుంది. మా బజారులో టీవీ ఉన్న ప్రతి కొట్టులోనూ దగ్గు వచ్చే చోటు బాబాయి వేలు పెట్టి చూపించేవాడు. ఏడాది గడిచాక వాళ్ళు మళ్ళీ అడిగితే రేడియో ఇవ్వలేదు. "పంటకీ పంటకీ మధ్య చెరువు ఎండగట్టాలండి" అందట. ఆ తరవాత తనే విడుదల చేసుకుంది, తన పేరుతో, దగ్గుతో సహా. ఇప్పుడు నేను ఏలూరులో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, సొంతంగా పాటలు చేసుకునే వాళ్ళకి ఈ లైసెన్సుల వ్యవహారం చూసిపెడుతున్నాను. దెందులూరు నుంచి, పెదవేగి నుంచి కుర్రాళ్ళు మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని వస్తారు. అమ్మకమా, లీజా అని మొదట అడుగుతాను. ప్రతి లైనూ చదివాకే పెన్ను పట్టుకోనిస్తాను. వాళ్ళు నేను చెప్పేది సగమే వింటారు, మిగతా సగం సమయం పెద్ద స్టూడియోకి రంగులు వేసుకుంటూ ఉంటారు. వాళ్ళ మీద నాకు కోపం రాదు.

మొన్న గది సర్దుతుంటే పాత ఫొటో ఒకటి దొరికింది. సంతకాలైన వారంలోనే, అనుకున్నట్టే రేడియో వాళ్ళ ఊళ్ళో అందరి ముందూ పాడింది. ఆ రోజున బాబాయి తీసిన ఫొటో. మధ్యలో రేడియో కళ్ళు మూసుకుని పాడుతోంది. వాళ్ళ నాన్నగారు, పెదనాన్నగారు, అన్నయ్య, ఆడవాళ్ళు, గట్టు మీద నిలబడ్డ వాళ్ళు, అందరూ ఆమెనే చూస్తున్నారు. మైకు వైరు చేత్తో పట్టుకున్న ఒక సన్నటి కుర్రాడు మాత్రం ఛాతీ విరుచుకుని, తల కాస్త పైకెత్తి, నేరుగా కెమెరా వంక చూస్తున్నాడు, ఇదంతా తన వల్లే జరిగిందన్నట్టు. చాలాసేపు వాణ్ణే చూస్తూ కూర్చున్నాను. అంత ధీమా ఇప్పుడు నాకెవరైనా లీజుకిస్తే బాగుండును.